వాయవ్యాన పెట్టిన సంచి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, అక్కకు అన్నం తినిపించి చెయ్యి కడుక్కుంటుండగా గిర్ని రాజేందర్ ఫోన్ చేశాడు. నాంపల్లిలో మేం పుట్టి పెరిగిన సందులో, మా పెరటి గోడకు అవతల మూల మీద పిండి గిర్ని నడిపిన కుటుంబం వాళ్లది. వాళ్లమ్మను మేం గిర్ని పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె పోయి చాలా ఏళ్లయింది, గిర్ని మూతపడి కూడా చాలా ఏళ్లయింది. "విమలక్కా, ఇల్లు బిల్డరుకు ఇచ్చేసినం. వచ్చే వారం కూలగొడ్తరట. అటక సాఫ్ చేస్తుంటే శారదక్క సంచి కనవడ్డది. అమ్మ పోయేముందు గూడ దాన్ని ముట్టొద్దన్నది. నాకు ఏం జెయ్యాల్నో సమజైతలేదు" అన్నాడు. నాకూ సమజు కాలేదు. పారేయమని నా నోటితో అనలేను. ఇంటికి తెచ్చుకుంటానని అంతకన్నా అనలేను. రేపు వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. గదిలో మంచం మీద ఉన్న శారదక్క నా వైపే చూస్తోంది. పక్షవాతంతో ఆమె ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి గాని చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

అది ప్రస్థానం సంచి. ఈ మాట ఇప్పుడు చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. దూర ప్రయాణానికి మంచి రోజు ఒకటి, టికెట్ దొరికిన రోజు ఇంకొకటి అయినప్పుడు పెద్దవాళ్లు ఒక ఉపాయం చేసేవారు. మంచి ఘడియలో, వెళ్లబోయే మనిషి సామానులో ఒక సంచిని ఇల్లు దాటించి, వెళ్లే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో ఉంచేవారు. సంచి గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. మనిషి తర్వాత తీరిగ్గా బయల్దేరి, దారిలో ఆ సంచి తీసుకొని వెళ్లిపోవచ్చు. ఒక్కటే నియమం, అదీ మా నాయనమ్మ గట్టిగా పట్టుకున్న నియమం: పెట్టిన ప్రస్థానం, ప్రయాణం జరగకుండా తిరిగి ఇంటికి రాకూడదు. వస్తే ఆ మనిషికి ఆ దారి ఇక మూసుకుపోయినట్టే. మా అక్క ఒక ఏడాదంతా విదేశాలు తిరిగి రావడానికి పెట్టిన ప్రస్థానం ఆ సంచి. నేను లంగా జాకెట్టు వేసుకొని బడికి పోయే రోజుల్లో అది మా గడప దాటింది. ఇప్పుడు నా తలలో నల్ల వెంట్రుక వెతుక్కోవాలి.

మా ఇల్లు స్టేషనుకు ఎంత దగ్గరంటే, రైళ్ల అనౌన్స్‌మెంట్లు వంటింట్లోకి వినిపించేవి. వాడి జంక్షన్ పోయే పాసెంజరు పేరు చెవిన పడగానే అమ్మ పొయ్యి మీద కిచిడీకి నీళ్లు పెట్టేది. మా ఇంటికి గడియారం అవసరం ఉండేది కాదు, రైలు ఆలస్యమైన రోజు మాత్రం నాయనకు కిచిడీ, అందులోకి చింతపండు ఖట్టా కూడా ఆలస్యమయ్యేవి. వెనక నుంచి గిర్ని వాసన వచ్చేది. జొన్నలు పట్టేటప్పుడు వెచ్చటి తియ్యటి వాసన, మిరపకాయలు పట్టే రోజు మాత్రం సందంతా తుమ్ములే. నాయనమ్మ వాకిలి పక్కన పీట మీద కూర్చొని వక్క కొరుకుతూ రాకపోకలన్నీ కనిపెట్టేది. నాయన ఆఫీసుకు బయల్దేరే ముందు ఆమె లేచి వీధిలోకి తొంగి చూసేది. ఎదురు బాగా లేకపోతే నాయన లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, కాసిన్ని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఆ ఆఫీసు గన్‌ఫౌండ్రీలో ఉండేది. నడిచి పోయి నడిచి వచ్చేవాడు. పొద్దస్తమానం రైళ్ల కూతలు వింటూ, రైలెక్కే పని ఎన్నడూ పడని మనిషి మా నాయన. ఆ మనిషికి ప్రయాణాల పిచ్చి ఎలా పట్టిందో మాకెవరికీ తెలియదు.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసుకుంటాయి, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాయన అక్కను, నన్ను వెంటబెట్టుకొని అక్కడికి తీసుకుపోయేవాడు. ఎండలో గొంతుక్కూర్చొని దుమ్ము దులుపుతూ ఒక్కో పుస్తకమే తిరగేసేవాడు. దేశాల పటాలు, ఎవరో వాడి పారేసిన గైడు పుస్తకాలు, ఒకసారి ఇటుకంత మందాన యూరపు రైళ్ల టైంటేబుల్ దొరికింది. అది ఎప్పటిదో, అందులోని రైళ్లలో సగం ఆగిపోయి ఉంటాయని అక్క అంటే, "ఆగితే ఆగనియ్యి బిడ్డా, స్టేషన్లు యాడికి పోవు గద" అన్నాడు నాయన. ఆ టైంటేబులే మా ఇంట్లో సాయంత్రపు కాలక్షేపం అయింది. చాయ్ తాగి, ఉస్మానియా బిస్కట్టు పొడి పేజీల మీద రాలుస్తూ, మ్యూనిక్ నుంచి వెరోనాకు ఏ బండి, అక్కడ ఎంతసేపు ఆగాలి, ప్లాట్‌ఫారం మారడానికి టైము చాలుతుందా అని తండ్రీ కూతుళ్లు వాదులాడుకునేవారు. వాదం ముదిరితే నాయన ముక్కు నొక్కుకొని నాంపల్లి స్టేషన్ గొంతుతో చెప్పేవాడు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. మ్యూనిక్ నుండి వెరోనా వెళ్లు ఎక్స్‌ప్రెస్ మరికొద్ది సేపటిలో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరును." అమ్మ వంటింట్లోంచి నవ్వేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

ఇదంతా ఆటగానే మొదలైంది. దాన్ని నిజం చేసింది అక్క. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు జర్మన్ నేర్చుకుంది, పొద్దున పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. ఉల్రికె అనే ఒక జర్మనీ అమ్మాయితో కలం స్నేహం చేసింది. వాళ్ల ఊళ్లో ఆపిల్ తోటల్లో పని చేసేవాళ్లకు తిండి, పడక ఇస్తారట. ముందు అక్కడ ఆపిల్స్ కోయడం, చలికాలం ఉల్రికె వాళ్లింట్లో గడపడం, ఎండలు రాగానే దక్షిణానికి దిగి ఇటలీ, గ్రీసు చూసి ఇల్లు చేరడం, ఇదీ అక్క ఏడాది. "డిగ్రీ అయినంక ఒక్క ఏడాది నాది. నౌకరీ ఆ తర్వాత, పెండ్లి గూడ ఆ తర్వాతనే" అని చెప్పేసింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు చదువు కాగానే ఏడాది సెలవు తీసుకొని దేశాలు తిరిగి వస్తున్నారు, తల్లిదండ్రులు లిఫ్టులో ఆ ఫొటోలు చూపిస్తున్నారు. ఆ రోజుల్లో మా సందులో ఎవరైనా ఏడాది ఖాళీగా ఉన్నారంటే పరీక్ష తప్పారని అర్థం. ఆడపిల్ల అయితే ఇంకా పెద్ద అర్థాలు తీసేవారు. నాయన ఆ మాటలు లెక్కచేయలేదు. అక్కను తీసుకొని మద్రాసు పోయి వీసా వేయించుకొచ్చాడు. ఆయన చేసిన అతి పెద్ద ప్రయాణం అదే. వచ్చాక వారం రోజులు సముద్రం గురించే మాట్లాడాడు.

నాయనమ్మ మాత్రం అలిగి పీట మీది నుంచి లేవలేదు. ఆమె కోపం విదేశం మీద కాదు, టికెట్ మీద. విమానం ఎక్కాల్సిన రోజు అమావాస్య. "అమాస నాడు పక్కూరికే పోము, గంత దూరం ఎట్ల తోలుతవురా" అని నాయనను నిలదీసింది. టికెట్ మారదు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి దారి చూపింది కూడా ఆమే. దశమి నాడు ప్రస్థానం పెడదామంది. కానీ ఏ దిక్కున పెట్టాలి? "జర్మనీ ఏ దిక్కురా?" అని అడిగింది. నాయన ఎంతో గంభీరంగా ప్రపంచ పటం నేల మీద పరిచి, స్కేలు పెట్టి హైదరాబాదు నుంచి గీత గీశాడు. వాయవ్యం తేలింది. అందరం వాకిట్లోకి వచ్చి నిలబడి వాయవ్యాన ఎవరి ఇల్లుందా అని చూశాం. గిర్ని ఉంది.

దశమి పొద్దున అక్క తలస్నానం చేసింది. కొత్త ఖాకీ బట్ట సంచిలో ఒక స్వెటరు, ఒక జత బూట్లు, చింతకాయ తొక్కు డబ్బా, మూటగట్టిన పసుపు అక్షింతలు, ఇంకా ఏవో తన వస్తువులు పెట్టుకుంది. నాయనమ్మ సంచికి బొట్టు పెట్టింది. అందరం వెంట నడిచాం, నడవడానికి అంతా కలిపి పెరటి గోడ చుట్టూ ఒక మలుపే. గిర్ని పెద్దమ్మ చీరంతా పిండితో, మెషీను ఆపి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. సంచిని రెండు చేతులా అందుకొని "పోయిరా బిడ్డా, నీ సంచి నా కండ్లల్ల వెట్టుకుంట" అంది. నాయన ముక్కు నొక్కుకొని నా చెవిలో "నాంపల్లి నుండి మ్యూనిక్ వెళ్లు బండి ఇప్పుడే కదిలింది" అన్నాడు. అక్క మొహం అప్పుడు ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మొహం నేను చూడలేదు.

దశమికీ అమావాస్యకూ మధ్యలో ఒక మధ్యాహ్నం నాయన ఆఫీసులో కుర్చీలోనే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది. ఆ రోజు పొద్దున ఎదురు బాగానే ఉందని నాయనమ్మ పదే పదే చెప్పుకొని ఏడ్చింది, తను సరిగ్గా చూడలేదేమోనని. అమావాస్య నాడు విమానం ఎగిరిపోయింది.

పదకొండో రోజు దాటాక నాయన ఆఫీసు నుంచి పెద్ద సారు, ఇంకో ఇద్దరు వచ్చారు. మంచి మనుషులు. చాప మీద కూర్చొని కళ్లు తుడుచుకున్నారు. "అమ్మా, ఆయన జాగాల మీ పెద్దబిడ్డకు నౌకరీ ఇస్తరు. డిగ్రీ అయింది గద. కానీ జల్ది దరఖాస్తు వెట్టాలె. లేటయితే మళ్ల ఎవ్వరం ఏం జెయ్యలేం" అన్నాడు సారు. అమ్మ తల దించుకొని, "నేనేం జెప్త సార్, దాని ఇష్టం" అంది. అంతకు మించి ఆమె చెప్పగలిగింది ఏమీ లేదు. అమ్మకు చదువు లేదు, నాకు ఇంకా పదో తరగతి కాలేదు, నాయనమ్మకు కళ్లు మసకలు. ఎవరూ అక్కను ఆపలేదు, పొమ్మనీ అనలేదు. ఎవరైనా అడ్డం పడి ఉంటే అక్క కొట్లాడి ఉండేది, ఆమెకు నోరు తక్కువేం కాదు. కొట్లాడటానికి ఎదురుగా ఒక్కరూ లేకపోవడమే ఆమెను ఓడించింది. సారుకు చాయ్ ఇచ్చి అక్క అంది: "ఏడాదంతా మైల ఉంటది, ఎటూ పోరాదు. ఆ ఏడాది నౌకరీ చేస్త. సంవత్సరీకం కాంగనే పోత." ప్రయాణానికని దాచుకున్న ఏడాది నాయన మైలకు పోయింది. తనదని చెప్పిన ఏడాది.

అప్పుడే గిర్ని పెద్దమ్మ మెల్లగా నాయనమ్మను అడిగింది, "మరి సంచి తీస్కపోతరా అత్తా?" కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలామె తల ఎత్తి చూసి, "పోనిదే ఎట్ల తెస్తం? దానికి తొవ్వ మూసుకుంటది. ఉండనియ్యి, పోతది" అంది. ఇంట్లో ఆ ప్రయాణం జరుగుతుందని నమ్మిన మనిషి ఇక ఆమె ఒక్కతే. మొదట్లో ప్రయాణమంటే అలిగి కూర్చున్నదీ ఆమే.

సంవత్సరీకం అయ్యాక నా ఇంటర్ వచ్చింది. అది కాగానే నాయనమ్మ కళ్ల ఆపరేషన్, తర్వాత నా బీయీడీ, నా పెళ్లి, అమ్మకు షుగరు. ప్రతిసారీ అక్క "ఇది కానియ్యి, పోత" అనేది. అబద్ధం చెప్పేది కాదు, నిజంగానే అనేది. పాస్‌పోర్టు గడువు తీరినప్పుడల్లా వెళ్లి కొత్తది చేయించుకునేది. కొత్త దాంట్లోనూ పేజీలన్నీ తెల్లగానే ఉండేవి. ఏటా దీపావళికి దులుపుళ్లప్పుడు గిర్ని పెద్దమ్మ గోడ మీది నుంచి కేకేసేది, "శారదా, నీ సంచి దులిపి వెట్టిన బిడ్డా." అక్క "సరే పెద్దమ్మా" అని ఆఫీసు టిఫిన్ డబ్బా కట్టుకునేది. నాయన నడిచిన దారినే ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు ముందు ఏడాది సంగతి చెప్పేది, వాళ్లు మర్యాదగా లేచి వెళ్లిపోయేవారు. నాయనమ్మ పోయింది, అమ్మ పోయింది, మా ఆయన పోయాక అక్క, నేను గన్‌ఫౌండ్రీలో ఈ అపార్ట్‌మెంట్‌కు మారాం. రిటైరైన మర్నాడే అక్క టైంటేబుల్ బయటికి తీసింది. ట్యాబులో కొత్త రైళ్లు చూస్తూ పాత పేజీలతో సరిపోల్చుకునేది. "నాయన చెప్పినట్టే, స్టేషన్లు యాడికి పోలేదే" అని నవ్వింది. వీసాకు ఫొటో దిగుదామని ఆబిడ్స్‌కు బయల్దేరిన రోజే స్నానాల గదిలో కూలబడింది. నేను తలుపు కొడుతూనే ఉన్నాను. తలుపు తీయించేసరికే ఎడమ పక్కంతా పడిపోయింది.

రాజేందర్ ఫోన్ సంగతి ఆ సాయంత్రం అక్కకు చెప్పాను. చెప్పకుండా సంచిని ఇంట్లో ఏ మూలో పెట్టేసి ఊరుకోవచ్చు, కానీ నా వల్ల కాలేదు. ఒక పక్కకు లాగిన మూతితో, ఒక్కో మాటే కూడదీసుకుంటూ అంది. "ఇంట్లకు తేకు. నేనింక పోలే గద." నువ్వు మంచం దిగి పక్క గదికే పోలేవు అక్కా, అని అనాలనిపించింది. అనలేదు. అంటే ఆమెకు తెలియని సంగతేమన్నా చెప్పినట్టవుతుందా?

మర్నాడు వెళ్లాను. మా పాత ఇల్లు ఉన్న చోట ఎప్పుడో లాడ్జి లేచింది, గిర్ని ఒక్కటే పాతది మిగిలింది. రాజేందర్ నిచ్చెన వేసి సంచి దించాడు. ఖాకీ రంగు కనిపించనంతగా పిండి పట్టి ఉంది, ఎన్నేళ్ల జొన్నలో, ఎన్నేళ్ల గోధుమలో. ముట్టుకుంటే చేతులకు అదే పాత వాసన అంటింది. నేను సంచి విప్పలేదు. విప్పడం నాకు చెందిన పని కాదు. సంచి కారులో పెట్టుకొని వచ్చి, దాన్ని ఉంచమని అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగాను. ఎదురింటి అమ్మాయి మంచిదే. "ప్రస్థానం అంటే ఏందాంటీ? లోపల ఏముంది?" అని అడిగింది. నాకు పూర్తిగా తెలియదన్నాను. "ఏమనుకోకండ్రి ఆంటీ, మా ఆయన వద్దంటడు" అంది. ఇంకో ఇంట్లో తలుపు సగమే తెరిచారు. వాచ్‌మన్ పాలమూరు వైపు మనిషి. "మా నాయన బొంబాయి పనికి పోయేటప్పుడు మా అవ్వ గూడ పెట్టేది అమ్మా" అని సంచి అందుకోబోయాడు గాని, మళ్లీ ఆగి, గదిలో బయటి సామాను పెడితే అసోసియేషన్ వాళ్లు కోపం చేస్తారని చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎవరినీ తప్పు పట్టలేను. ఒకరి సంచిని ఇంకొకరు ఒక జీవితకాలం దాచిపెట్టడం ఒక సందుకు సాధ్యమైంది. ఇప్పుడు సందులు లేవు, అంతస్తులున్నాయి.

చివరికి సంచిని నా కారు డిక్కీలో ఉంచేశాను. కారు సెల్లారులో ఉంటుంది, అది మా గడప లోపల కాదు కాబట్టి నియమం తప్పలేదు. నేను మందులకు చాదర్‌ఘాట్ పోతే అదీ వస్తుంది, గౌలిగూడ పోతే అక్కడికీ వస్తుంది. సాయంత్రం అక్క రోజూ అడుగుతుంది, "సంచి?" "బయటనే ఉన్నది అక్కా" అంటాను. అప్పుడు కళ్లు మూసుకుంటుంది.

మొన్న ఆదివారం నాకు ఉండబట్టలేదు. పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నాయి. వాచ్‌మన్, నేను పట్టి చక్రాల కుర్చీలో లిఫ్టులోకి తీసుకుపోవచ్చు, కార్లో కూర్చోబెట్టవచ్చు. మనకు వాయవ్యం లక్డీకాపూల్ వైపు. "దా అక్కా, సంచి గూడ డిక్కీల ఉన్నది. నువ్వు, నేను, సంచి. ఆ దిక్కు పోయినంత దూరం పోయి వద్దాం. ప్రయాణం అయినట్టే అయితది, సంచి ఇంట్లకు తెచ్చుకుందాం" అన్నాను. చాలా తెలివైన ఉపాయం అనుకున్నాను. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాటలు అవి. అక్క నా మొహంలోకి చూసింది. నా మీద జాలిపడుతున్నట్టు అనిపించింది.

"నేనెక్కితే ఇగ అయిపోతది గదనే" అంది నెమ్మదిగా. "లక్డీకాపూల్ దాక పోయొచ్చేదానికేనా, నాయన గన్ని రైళ్లు వెతికింది?"

కారు తాళాలు మళ్లీ గోడకు తగిలించి, ఆమెకు చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.